దీపం ఉండగానే: వీలునామా గూర్చి నాలుగు మాటలు
(సంఘం సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగ పూట, పిల్లల నాట్యాలకు, పులిహోర పంక్తికి మధ్య, "వీలునామా" అనే మాట ఎత్తుతున్నందుకు కొందరు నొచ్చుకోవచ్చు. కార్యదర్శిగారు కూడ "మాస్టారూ, మరేదైనా విషయం లేదా?" అని నవ్వుతూ అడిగారు. ఉన్నాయి. కాని మన కుటుంబాలు సంవత్సరానికి ఒక్కసారి తాతలు, తండ్రులు, మనుమలు సహా ఒకే కప్పు క్రింద కూర్చునేది ఈ రోజే. అందరూ కలిసి వినవలసిన మాట కనుక ఈ రోజునే ఎంచుకున్నాను.

నేను వకీలును కాను, బడిపంతులును. నా తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగు. అందుచేత కోర్టు భాషలో కాక, పాఠం చెప్పినట్లే చెబుతాను. మీ మీ వ్యవహారాలకు మీ రాష్ట్రపు వకీలును సంప్రదించవలసిందే.

మనలో చాలామంది గిర్మిట్ కుటుంబాలవారం. మద్రాసు రేవు నుండి 1903లో మొదలై 1916 వరకు ఓడలు మన తాతలను, నాయనమ్మలను ఫిజీ చెరకు తోటలకు చేర్చాయి. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాలనుండి వచ్చిన ఆ మనుషులకు ఆస్తి అంటే ఒక మూట, ఒక చెంబు. ఎవరో వ్రాసిన, తాము చదవలేని ఒక కాగితం మీద వారు వేలిముద్ర వేశారు. ఆ కాగితమే వారి జీవితాన్ని మార్చివేసింది. నేను మూడవ తరంవాడను. మనకు చదువు వచ్చింది, ఇల్లు వచ్చింది, బ్యాంకు ఖాతా వచ్చింది. అయినా మన తదనంతరం మన ఇంటి సంగతి ఏమి కావాలో ఒక కాగితం మీద మనమే వ్రాయడానికి ఎందుకో చేయి ఆడడం లేదు. మనం వ్రాయకపోతే ఆ కాగితం ఖాళీగా ఉండిపోదు. మన తరఫున ప్రభుత్వం ఎప్పుడో వ్రాసి పెట్టింది. దానినే వీలునామా లేనివారి వారసత్వ చట్టం అంటారు.

వీలునామా వ్రాస్తే మృత్యువును పిలిచినట్లని మన ఇళ్లలో ఒక భయం ఉన్నది. ఇన్సూరెన్సు కట్టినవారికి కారు ప్రమాదం ముందుగా రాదు గదా! పైగా "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అన్నవారు కూడ మన పెద్దలే.

మన తెలుగు దేశంలో వీలునామా కొత్త సంగతేమీ కాదు. పిఠాపురం సంస్థానం కథ వినండి. రాజా గంగాధర రామారావుగారికి మొదట సంతానం లేక వెంకటగిరి వంశంనుండి ఒక బాలుని దత్తత తీసుకున్నారు. తరువాత 1885లో సూర్యారావు పుట్టారు. రాజావారు 1890లో గతించేనాటికి సంస్థానాన్ని సూర్యారావుకు చెందేటట్లు వీలునామా వ్రాశారు. దత్తపుత్రుడు వ్యాజ్యం వేశారు. అది లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1899లో వీలునామా నిలబడింది. ఆ తీర్పు న్యాయమా కాదా అని పెద్దలు ఈనాటికీ వాదించుకోవచ్చు. ఆ సూర్యారావుగారే తరువాత సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకులయ్యారు. మా సాయంకాలపు తరగతిలో ఒక మాటకు అర్థం తెలియకపోతే ఆ నిఘంటువు తిరగవేస్తాము. ఒక కాగితం ఎంత దూరం ప్రయాణం చేస్తుందో చూడండి. అదే కాగితం ఒక దత్తపుత్రునికి ఎంత చేదుగా ఉండి ఉంటుందో అదీ తలచుకోండి. వ్రాసేవారు రెండు వైపులా చూడవలసి ఉంటుంది.

ఇక మనమున్న కాలిఫోర్నియా సంగతి. వివాహమైన తరువాత భార్యాభర్తలు సంపాదించినది సాధారణంగా ఇద్దరి ఉమ్మడి ఆస్తి. ఈ పద్ధతి ఉన్న రాష్ట్రాలు దేశంలో తొమ్మిది. కాలిఫోర్నియాలో వీలునామా లేకుండా ఒకరు పోతే, ఉమ్మడి ఆస్తిలో పోయినవారి సగం బ్రతికి ఉన్నవారికి వస్తుంది. పెళ్లికి ముందుదో, తల్లిదండ్రులు ఇచ్చినదో అయితే అది విడి ఆస్తి. ఒక బిడ్డ ఉంటే అందులో సగం భార్యకో భర్తకో, సగం ఆ బిడ్డకు. ఇద్దరు లేక అంతకు మించి బిడ్డలుంటే మూడింట ఒక వంతే జీవిత భాగస్వామికి, తక్కినది బిడ్డలకు. బిడ్డలు లేక తల్లిదండ్రులుంటే వారికీ వాటా ఉన్నది. ఇతర రాష్ట్రాల లెక్కలు వేరు. ఇక్కడినుండి టెక్సాస్‌కో న్యూజెర్సీకో మకాం మార్చినవారు తమ కాగితాలు మళ్లీ చూపించుకోవాలి.

ఈ చట్టానికి రక్తసంబంధం తెలుసు, పెళ్లి తెలుసు, కోర్టు దత్తత తెలుసు. మన ఇంటి "పెంపకం" దానికి తెలియదు. మనలో అక్క కొడుకును, చెల్లెలి కూతురును తెచ్చి సొంత బిడ్డగా పెంచినవారు ఎందరో ఉన్నారు. "పిన్నీ" అని గాక "అమ్మా" అని పిలుస్తూ పెరిగిన ఆ బిడ్డకు, కోర్టు ద్వారా దత్తత జరగకపోతే, ఏదో అరుదైన సందర్భంలో తప్ప పైసా రాదు. చివరి ఏడేళ్లు మంచం ప్రక్కన కూర్చుని సేవ చేసిన మరదలికీ రాదు. ప్రేమ ఉన్నదని చట్టానికి తెలియాలంటే మీరు వ్రాయాలి.

నాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. పేర్లు చెప్పను. 1987 నాటి కల్లోలం తరువాత అన్నదమ్ములిద్దరు ఫిజీ విడిచి ఇక్కడికి వచ్చారు. ఇద్దరూ రాత్రింబవళ్లు కష్టపడి ఒక ఇల్లు కొన్నారు. బ్యాంకువారు అప్పు ఇవ్వడానికి వీలుగా ఇల్లు అన్నగారి పేరున పెట్టారు. తమ్ముడు ఇరవై ఏళ్లు సగం వాయిదా నగదుగా అన్న చేతిలో పెట్టాడు. రసీదు అడగలేదు. అన్నదమ్ముల మధ్య రసీదేమిటి? ఒకనాటి ఉదయం అన్నగారు గుండె ఆగిపోయి పోయారు. వీలునామా లేదు. వదినగారు మంచి మనిషే. కాని చట్టం ప్రకారం ఇల్లు ఆమెది. ఆమె పిల్లలకు బాబాయి కట్టిన వాయిదాల సంగతి తెలియదు. ఒక మాట అన్నారు, ఆయన ఒక మాట అన్నాడు. ఈనాడు ఒక కుటుంబం మన దీపావళికి వస్తే రెండవ కుటుంబం రాదు. ఆ ఇంట ఎవరూ దొంగలు కారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ నిజం ఏమిటో చెప్పగలిగినవాడు చెప్పకుండా వెళ్లిపోయాడు, అంతే. నోటి మాట నీటి మూట.

మనకంటె ముందు ఈ గడ్డ మీదికి వచ్చిన భారతీయులకు ఈ బాధ ఇంకా ఘోరంగా ఉండేది. 1913, 1920 సంవత్సరాల కాలిఫోర్నియా భూచట్టాలు, 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు, ఈ రెండింటి వలన పంజాబీ రైతులు సొంత పేరున భూమి పెట్టుకోలేక స్నేహితుల పేర్లమీద, ఇక్కడే పుట్టిన పిల్లల పేర్లమీద పెట్టుకున్నారు. దలీప్ సింగ్ బీర్ అనే ఆయన వీలునామా లేకుండా పోతే, పంజాబులో ఉన్న ఇద్దరు భార్యలు వారసత్వం అడిగారు. 1948లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ఇద్దరూ సమానంగా పంచుకోవచ్చునని తీర్పు చెప్పింది. ఆయన మనసులో ఏమున్నదో కోర్టుకు తెలిసే దారి లేదు. సముద్రానికి అవతల ఉన్న ఇద్దరు స్త్రీల బ్రతుకు ఒక న్యాయమూర్తి ఆలోచన మీద ఆధారపడింది.

వీలునామా ఎట్లా వ్రాయాలి? పద్దెనిమిదేళ్లు నిండి, మతి స్థిమితంగా ఉంటే చాలు. కాలిఫోర్నియాలో వ్రాతపూర్వకంగా ఉండి, మీరు సంతకం చేసి, ఇద్దరు సాక్షులు ఒకేసారి ఎదుట ఉండి చూచి సంతకం చేయాలి. నోటరీ ముద్ర అవసరం లేదు. ఆస్తి అందుకోబోయేవారిని సాక్షిగా పెట్టకండి. వత్తిడి చేసి వ్రాయించుకున్నారన్న అనుమానం చట్టమే ముందుగా పడుతుంది. ముఖ్యమైన అంశాలన్నీ మీ చేతివ్రాతతోనే ఉండి క్రింద సంతకం ఉంటే సాక్షులు లేకపోయినా ఈ రాష్ట్రంలో చెల్లుతుంది. తేదీ తప్పక వేయండి. ఇటువంటి కాగితం అన్ని రాష్ట్రాలలోను చెల్లదు గనుక సాక్షులున్నదే మేలు.

వీలునామాలో ముగ్గురు మనుషుల పేర్లు ఆలోచించి వ్రాయాలి. ఒకరు ఆస్తి అందుకునేవారు. రెండవవారు వ్యవహారం నడిపించే కార్యనిర్వాహకుడు. పెద్ద కొడుకు గనుక అని కాదు, లెక్కలు వ్రాసే అలవాటు, నలుగురితో ఓర్పుగా మాట్లాడే గుణం ఉన్నవారిని ఎంచండి. అది రెండవ కూతురు కావచ్చు. మూడవవారు పసిపిల్లలున్న ఇంటికి సంరక్షకులు. యువ దంపతులకు నేను ప్రత్యేకంగా మనవి చేసేది ఇదే. మాకు ఆస్తి లేదు, వీలునామా ఎందుకంటారు. మీకు బిడ్డలున్నారు. మీరిద్దరూ ఒకే కారులో ప్రయాణం చేస్తారు. ఆ బిడ్డలు నాయనమ్మ దగ్గర పెరగాలా, మేనమామ దగ్గరా అని మీరు వ్రాయకపోతే, మిమ్మల్ని ఎన్నడూ చూడని న్యాయమూర్తి మీ మాట లేకుండానే నిర్ణయించవలసి వస్తుంది.

వీలునామా పలుకుబడి లేని చోట్లు కూడ ఉన్నవి. ఇన్సూరెన్సు, ఉద్యోగపు పింఛను ఖాతాలు, పదవీ విరమణ పొదుపులు, వీటికి మీరు ఎప్పుడో ఒక ఫారం మీద వ్రాసిన పేరే రాజు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎగెల్‌హాఫ్ అనే బోయింగ్ ఉద్యోగి 1994లో విడాకులైన కొద్ది నెలలకే కారు ప్రమాదంలో పోయాడు. ఫారం మీద మాజీ భార్య పేరు అట్లే ఉండిపోయింది. మొదటి వివాహపు పిల్లలు వ్యాజ్యం వేశారు. ఆ రాష్ట్ర చట్టం పిల్లలవైపే ఉన్నా, 2001లో అమెరికా సుప్రీం కోర్టు కేంద్ర చట్టమే పైచేయి అన్నది. ఇరవై ఏళ్ల క్రితం ఉద్యోగంలో చేరిన రోజున మీరు ఎవరి పేరు వ్రాశారో ఈ రాత్రి గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాకపోతే సోమవారం ఆఫీసులో అడగండి.

ఇక ఖర్చు సంగతి. వీలునామా ఉన్నా, లేకున్నా, ఆస్తి ఒక పరిమితి దాటితే ప్రొబేటు కోర్టు గడప తొక్కాలి. తరచు ఒక సంవత్సరమో అంతకు మించో పడుతుంది. కాలిఫోర్నియాలో వకీలు రుసుము చట్టంలోనే ఉన్నది: మొదటి లక్ష డాలర్లకు నూటికి 4, రెండవ లక్షకు 3, తరువాతి 8 లక్షలకు 2 చొప్పున. తొమ్మిది లక్షల ఇంటికి లెక్క కట్టండి. 4,000, 3,000, 14,000, మొత్తం 21,000 డాలర్లు. కార్యనిర్వాహకుడు కూడ అంతే అడగవచ్చు. ఇందులో మెలిక ఏమంటే, బ్యాంకు అప్పు ఆరు లక్షలున్నా తగ్గించరు, ఇంటి పూర్తి ధర మీదనే లెక్క. 2025 ఏప్రిల్ 1 తరువాత పోయినవారి విషయంలో కొంత వెసులుబాటు వచ్చింది. స్వంత నివాసపు ఇల్లు 7,50,000 డాలర్లకు మించకపోతే, తక్కిన ఆస్తి 2,08,850 లోపు అయితే, సులువైన పద్ధతులు ఉన్నాయి. అంతకు మించినవారు జీవించి ఉండగానే ట్రస్టు పెట్టుకుని ఇంటిని ఆ ట్రస్టు పేరుకు మార్చుకుంటే కోర్టు తప్పుతుంది. ట్రస్టు కాగితం వ్రాయించి, దస్తావేజు మార్చకుండా బీరువాలో పెడితే మాత్రం కొత్త కావిడి కొని నీళ్లు తేవడం మరచినట్లే.

పన్ను భయం చాలామందికి ఉన్నది. 2026లో కేంద్ర ప్రభుత్వపు మరణానంతర పన్ను ఒక్కొక్కరికి కోటీ యాభై లక్షల డాలర్లు దాటితేనే. మన సభలో అంతటివారు ఉంటే వచ్చే ఏడు భోజనాలు వారివే! అయితే ఒక హెచ్చరిక. అమెరికా పౌరులు కాక, ఇక్కడ స్థిరనివాసమూ లేని బంధువుల పేరున ఇక్కడి ఆస్తి ఉంటే, వారికి మినహాయింపు కేవలం 60,000 డాలర్లు. సువాలోనో రాజమండ్రిలోనో ఉన్న అమ్మ పేరున ఇక్కడ ఇల్లు కొనేవారు ముందే అడిగి తెలుసుకోవాలి. మరొకటి, 2021 ఫిబ్రవరి 16 నుండి కాలిఫోర్నియాలో తల్లిదండ్రుల ఇంటి పాత పన్ను పిల్లలకు కొనసాగాలంటే, ఆ బిడ్డ ఒక సంవత్సరంలోగా అందులో కాపురం పెట్టాలి. అద్దెకిస్తే పన్ను పెరుగుతుంది.

మన కుటుంబాలకు మూడు దేశాల లెక్క ఉన్నది. ఫిజీలో చెరకు పొలం చాలామందికి లీజు పొలమే. 1976 చట్టం క్రింద ఉన్న లీజులు 1997 నుండి గడువు తీరడం మొదలైంది. గడువు తీరిన లీజును మీ వీలునామా బ్రతికించలేదు. మీ దగ్గరున్నది సొంత పట్టాయా, లీజా, ఎన్నేళ్లు మిగిలినవి, ముందు అది తేల్చుకోండి.

ఆంధ్రాతో వియ్యమందినవారికి అక్కడి పొలాలు వస్తున్నవి. భారత పౌరసత్వం లేనివారు అక్కడ వ్యవసాయ భూమి కొనలేరు గాని, వారసత్వంగా పొందవచ్చు. అక్కడ మరణానంతర పన్ను 1985లోనే పోయింది. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. ఆడపిల్లల మాట మరువకండి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పెళ్లికాని కుమార్తెలకు 1985 సెప్టెంబరు 5 నుండే ఆంధ్రప్రదేశ్ సమాన హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటా కుమార్తెలందరికీ ఇచ్చారు. 2005 నాటికి తండ్రి జీవించి ఉండకపోయినా ఆ హక్కు ఉన్నదని 2020లో సుప్రీం కోర్టు చెప్పింది. ఇక్కడ అమెరికాలో కూర్చుని "కట్నం ఇచ్చాము గదా" అనే మాట అక్కడి కోర్టులోనే చెల్లడం లేదు.

ఒక్కొక్క దేశపు ఆస్తికి విడి వీలునామా వ్రాయడం మంచి పద్ధతే. కాని "ఇంతకు ముందు నేను వ్రాసిన వీలునామాలన్నీ రద్దు" అనే మామూలు వాక్యం జాగ్రత్త. ఇక్కడ వ్రాసిన ఆ ఒక్క వాక్యం అక్కడి దానిని కూడ తుడిచివేయవచ్చు. "ఈ దేశపు ఆస్తికి సంబంధించినంత వరకు" అని వకీలుచేత స్పష్టంగా వ్రాయించుకోండి.

పోయిన తరువాతి సంగతే గాక, ఉండగా మాట పడిపోతే ఏమిటన్నది కూడ ఆలోచించాలి. ఆసుపత్రిలో మీ తరఫున ఎవరు మాట్లాడాలో, యంత్రాల మీద ఎంతకాలం ఉంచాలో తెలిపే ఆరోగ్య నిర్దేశ పత్రం ఒకటి, బ్యాంకు పనులకు అధికార పత్రం ఒకటి, ఈ రెండూ వీలునామాతోపాటు పూర్తి చేయండి. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో పిల్లలు ఒకరినొకరు నిందించుకోకుండా ఈ కాగితం కాపాడుతుంది.

చివరగా, డాలర్లలోకి మారని ఆస్తి. నాయనమ్మ నాను, ఇత్తడి కుంపటి, తాతగారి ప్రయాణపు చీటీ నకలు, ఓడ పేరు వ్రాసిన పాత ఫోటో, అరిగిపోయిన తెలుగు వాచకం, భజన టేపులు. కోర్టు లెక్కలో వీటి విలువ సున్న. ఇళ్లు విడిపోయేది మాత్రం తరచు వీటి దగ్గరే. నగలకు ఒక పట్టిక వ్రాయండి. ఏ నగ ఎవరికో, ఎందుకో ఒక్క వాక్యం చేర్చండి. పుస్తకాలు, కాగితాలు ఎవరు చదువుతారో వారికి ఇవ్వండి. పిల్లలను పిలిచి అడగండి. మీరు గొప్పదనుకున్న వెండి కంచం ఎవరికీ అక్కరలేకపోవచ్చు, అమ్మ అట్లకాడ కోసం ఇద్దరు పోట్లాడవచ్చు. వాటాలు సమానంగా లేకపోతే కారణం విడిగా ఒక ఉత్తరంలో వ్రాయండి. తెలుగులో వ్రాయండి, ఇంగ్లీషులో నకలు పెట్టండి. తమకు తక్కువ వచ్చిందన్న బాధ కంటె, నాన్న నన్ను మరచిపోయాడన్న బాధ ఎక్కువ కాలం ఉంటుంది.

ఇంటికి వెళ్లి చేయవలసినవి అయిదు. ఆస్తి, అప్పుల పట్టిక వ్రాయండి. ఫారాల మీది పేర్లు సరిచూడండి. వీలునామా, ట్రస్టు ఏది అవసరమో వకీలును అడగండి. అసలు కాగితం ఎక్కడున్నదో ఇద్దరికి చెప్పండి, ఎవరికీ తెలియని కాగితం లేనట్లే. పెళ్లి, పురుడు, విడాకులు, మకాం మార్పు జరిగినప్పుడల్లా తీసి మళ్లీ చదవండి.

మన తాతలు తాము చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసి మనలను ఇక్కడిదాకా తెచ్చారు. మనం చదవగల కాగితం మీద, మనం వ్రాసిన మాటల క్రింద, సంతకం చేసే భాగ్యం మనకు కలిగింది. దానిని వాడుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాను.